నాన్న కోసం పిల్లల బడి మార్చాలా?

ప్రశ్న: మేడమ్ గారూ, మేము ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో ఉంటాం. పాప ఇయర్ టూ, బాబు రిసెప్షన్, అంటే ఇయర్ వన్‌కి ముందు తరగతి. బడి ఇంటి నుంచి నడిచి వెళ్లే దూరమే. ఇక్కడ బడుల్ని తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ వాళ్లు దానికి 'గుడ్' ఇచ్చారు. మూడు మైళ్ల అవతల అన్నిటికన్నా పై రేటింగు, 'అవుట్‌స్టాండింగ్' వచ్చిన బడి ఉంది. అక్కడ సీటు రావాలంటే ఆ చుట్టుపక్కలకి ఇల్లు మారాలి, అద్దె నెలకు 350 పౌండ్లు ఎక్కువ. పిల్లలు హాయిగా ఉన్నారు కదా, ఎందుకీ తంటా అంటారు మా వారు. మా నాన్నగారు గుంటూరులో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. నా ఎంసెట్ ర్యాంకు చూసి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఒక్క మాటా అనకుండా బడికి వెళ్లిపోయిన మనిషి. పాపను చేర్చినప్పుడు ఆయనతో అవుట్‌స్టాండింగ్ స్కూలని చెప్పేశాను. మా వారికి ఈ సంగతి తెలియదు. నాన్నగారు మే నెలలో వస్తున్నారు. తాతయ్య దగ్గర స్కూలు ఊసెత్తొద్దని పాపకు చెప్పాను. బడి ఇప్పుడే మార్చాలా, వేసవి సెలవులయ్యాక మార్చాలా?

జవాబు: ఇప్పుడూ వద్దు, సెలవులయ్యాకా వద్దు. మీరడిగిన దానికి జవాబు అంతే. మీకు అంత తేలిగ్గా నమ్మకం కుదరదు కాబట్టి కారణాలు కూడా చెప్తాను.

ఇల్లు మారినంత మాత్రాన అక్కడ సీటు వచ్చి ఒళ్లో పడదు. తరగతిలో ఖాళీ ఉండాలి. రిసెప్షన్ నుంచి ఇయర్ టూ వరకు ఒక టీచరుకి 30 మందికి మించి పిల్లలు ఉండకూడదని అక్కడ చట్టం. సెప్టెంబరులో మీ పాప ఇయర్ త్రీకి వెళ్లి ఆ లెక్కలోంచి బయటపడుతుంది. బాబు ఇయర్ వన్‌లో ఇంకా అందులోనే ఉంటాడు. పాపకు దొరికి వాడికి దొరకలేదనుకోండి, పొద్దున్నే ఒకే టైముకి మూడు మైళ్ల ఎడంగా ఉన్న రెండు గేట్ల దగ్గర మీరెలా నిలబడతారు?

పోనీ ఆ రేటింగైనా గట్టిదా? అవుట్‌స్టాండింగ్ వచ్చిన బడులకు 2012 నుంచి 2020 దాకా మామూలు తనిఖీలే లేవు. పదేళ్లు పైబడిన కితాబుతో నడిచిన బడులు చాలానే ఉన్నాయి. 2024 సెప్టెంబరులో ప్రభుత్వ బడులకు ఆ ఒక్క మాట తీర్పు ఇవ్వడమే మానేశారు. 2025 నవంబరు నుంచి ఒక్కో అంశానికి విడివిడిగా గ్రేడు వేసే రిపోర్టు కార్డులు వచ్చాయి. ఇప్పుడు ఎవరికీ ఇవ్వని బిరుదు కోసం మీరు ఇల్లు ఖాళీ చేస్తానంటున్నారు. పాపకు చదవడం రావడం లేదనో, బాబు గేటు దగ్గర ఏడుస్తున్నాడనో రాసి ఉంటే నేనే మార్చమనేదాన్ని. అలాంటి మాట ఒక్కటీ లేదు మీ ఉత్తరంలో. అడిగింది పిల్లల బడి గురించి, రాసిందంతా మీ నాన్నగారి గురించి.

ఎంసెట్ రాసిన పిల్ల ఇద్దరు బిడ్డల తల్లి అయింది. ఇంకా ఆ కాగితం మీద వేరే అంకె వేయించాలని చూస్తున్నారు, ఈసారి పిల్లల పేరు మీద. నాన్నగారిని గౌరవించాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. వచ్చినన్నాళ్లూ వేళకి కాఫీ ఇవ్వండి, పెద్ద గది ఆయనకే ఇవ్వండి. కానీ ఆయన ముందు జీవితాంతం పరీక్ష రాస్తూ కూర్చోవడం గౌరవం కాదు, భయం. నెలకు 350 పౌండ్లు, ఏడాదికి 4,200. అదీ మీ వారి సంపాదనలోంచి, ఆయనకు తెలియని అబద్ధం కోసం. ఈ ఉత్తరంలో బుద్ధిగా మాట్లాడింది ఆయనొక్కరే, ఆయన్నే చీకట్లో ఉంచారు.

నాకు నిజంగా కోపం తెప్పించింది మాత్రం పాప సంగతి. తాతయ్య దగ్గర ఏం దాచాలో ఆ పసిదానికి నేర్పారా? రేపు ఆయన 'ఏ బడమ్మా మీది' అని ముద్దుగా అడిగితే అది మీ మొహం వైపు చూస్తుంది. మీరు మీ నాన్నగారి మొహం చూస్తూ పెరిగింది చాలదా?

కాబట్టి ఇవాళే మీ వారికి చెప్పండి. ఆయన నవ్వుతారో విసుక్కుంటారో, అది మీ ఇద్దరి మధ్య. ఆ తర్వాత నాన్నగారికి ఫోన్ చేయండి. టికెట్ తీసుకున్నారు కదా, ఎయిర్‌పోర్టులో దిగాక చూసుకుందాంలే అనుకోవద్దు. 'నాన్నా, ఆరోజు మీకు అబద్ధం చెప్పాను. వీళ్ల బడికి వచ్చింది గుడ్. మాకు నచ్చింది, మార్చడం లేదు' అనండి. అంతకు మించి సంజాయిషీ ఇవ్వొద్దు. ఆయన మాట్లాడకుండా పెట్టేస్తే పెట్టేయనివ్వండి. మనవల్ని చూడకుండా ఉండలేరు, వస్తారు.

వచ్చాక బాబును బడికి దింపే పని ఆయనకు అప్పజెప్పండి. ఇన్‌స్పెక్షన్ ముందు రోజు బడికి సున్నం ఎందుకు వేయిస్తారో, రికార్డులు రాత్రికి రాత్రి ఎలా పూర్తవుతాయో గుంటూరు జిల్లాలో హెడ్మాస్టరుగా చేసినాయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. రేటింగులకి ఎంత విలువివ్వాలో మీకన్నా ఆయనకే బాగా తెలిసి ఉండొచ్చు. మీరెప్పుడూ అడగలేదు.

పాపతో కూడా ఒక్క మాట చెప్పండి, తాతయ్య ఏమడిగినా ఉన్నదున్నట్టు చెప్పెయ్యమని. ఇల్లు వెతకడం ఆపండి.