ఆ క్యాలెండర్ తగిలించుకున్నది ఎవరు?

విశాఖపట్నం

తమ్ముడూ, వందనాలు.

నువ్వు పంపిన వ్యాసం చదివాను. మీకు కీడు కాదు, మేలే తలపెట్టాను అని దేవుడు చెప్పే యిర్మీయా 29:11ని క్యాలెండర్ల మీద వేసి కొత్త సంవత్సరం వాగ్దానంగా పంచే అలవాటు గురించి రాశావు. అది బబులోనుకు చెరగా పోయినవాళ్లకు రాసిన ఉత్తరంలోని మాట అనీ, ఆ మేలు జరిగేది డెబ్బై ఏళ్ల తర్వాతేనని దాని పై వచనంలోనే ఉందనీ చూపించావు. అందులో తప్పేమీ లేదు. సందర్భం చూడకుండా వచనాన్ని కోసుకుపోయేవాళ్లు మనలో ఎక్కువే, పాస్టర్లతో సహా. నన్ను ఇబ్బంది పెట్టింది నువ్వు రాసిన తీరు. గోడకు వచనం తగిలించుకునే భక్తి అంటూ ఎగతాళి చేశావు.

ఆ క్యాలెండర్ తగిలించుకున్నది ఎవరు? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు వేట నిషేధం. ఆ 61 రోజులూ బోటు కదలదు, వడ్డీ మాత్రం ఆగదు. జాలరిపేటలో ఆ ఇంటి తల్లి పొద్దున్నే చూసుకునేది ఆ వచనాన్నే. గాజువాకలో కాంట్రాక్టు పని ఉంటుందో ఊడుతుందో అని టెన్షన్ పడే కుర్రాడి గదిలోనూ అదే ఉంటుంది. నీ వ్యాసం వాళ్ల దగ్గర్నుంచి వచనాన్ని లాక్కుంది, బదులు ఏమీ ఇవ్వలేదు.

ఇవ్వడానికి లేక కాదు. అదే అధ్యాయంలో ఇంకాస్త పైకి, 5, 6, 7 వచనాలు చూడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ఉంది. సొంత ఊరు వదిలి వచ్చి, ఎప్పటికైనా వెనక్కి పోతాంలే అనుకుంటూ అద్దె గదుల్లో ఏళ్లు గడిపేవాళ్లు మన దగ్గర ఎంతమంది! వాళ్లకు 11వ వచనం కన్నా ఈ మూడే దగ్గరగా తగులుతాయి. తప్పు పట్టుకోవడానికి ఎంత కావాలో అంతవరకే చదివి నువ్వు ఆగిపోయావు. చదువు ఎక్కువై ప్రేమ తగ్గిందని నిన్ను ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చదువు కూడా తక్కువే పడింది, ప్రేమ ఉంటే ఇంకో నాలుగు వచనాలు చదివేవాడివి.

28వ అధ్యాయం కూడా దీనితో కలిపి చూడాల్సింది. రెండేళ్లలో చెర అయిపోతుందని హనన్యా అనే ప్రవక్త జనానికి నచ్చే మాట చెప్పాడు. అది విన్న యిర్మీయా నోట ముందుగా వచ్చింది ఆమేన్. యెహోవా అలాగే చేయాలి అన్నాడు. కాదని చెప్పింది ఆ తర్వాతే. ఆ మాట నిజమైతే బాగుండునని అతనికీ ఉంది. ఆ కోరిక లేనివాడు ఇంకొకరి తప్పు దిద్దడానికి కలం పట్టకూడదని నా అభిప్రాయం.

అలాగని ప్రేమ ఉంటే చాలు, చదువెందుకు అనే వైపుకు పోకు. ఆ బాపతు మనకు కొదవ లేదు. వారమంతా సందర్శనలకే సరిపోయిందని చెప్పి, శనివారం రాత్రి యూట్యూబ్‌లో దొరికిన ప్రసంగాన్ని ఆదివారం దించేస్తారు. కేజీహెచ్ ఆస్పత్రి వార్డులో జబ్బుపడ్డ బిడ్డ మంచం పక్కన నిలబడి, "ఇంట్లో ఏదో పాపం ఉంది, ఒప్పుకోండి" అనేది కూడా ఇలాంటివాళ్లే. యోహాను సువార్త 9వ అధ్యాయం శ్రద్ధగా చదివినవాడు అలా అనలేడు. శిష్యులు అడిగింది సరిగ్గా అదే: పాపం చేసింది ఈ గుడ్డివాడా, వీడి కన్నవాళ్లా? యేసు ఇద్దరూ కాదన్నాడు. ఎంత ప్రేమగా నూనె రాసి ప్రార్థన చేసినా, ఆ ఒక్క మాట ఆ బిడ్డ తల్లిని ఏళ్ల తరబడి తినేస్తుంది.

రాత్రి రాసింది తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపులో పెట్టేసే మన తొందర చూస్తే నాకు క్రాన్, డెస్ గ్రాంజెస్ గుర్తొస్తారు. 1805లో మన ఊరు వచ్చి, భాష నేర్చుకుని, ఆనందరాయర్ అనే తెలుగు తెలిసిన క్రైస్తవుడి సాయంతో సువార్తల తెలుగు అనువాదానికి కూర్చున్న మిషనరీలు. తమ పని అచ్చులో చూడకుండానే 1809లో ఒకరు, 1810లో ఇంకొకరు పోయారు. ఆ సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో.

పొద్దున చదువుకునేటప్పుడు ఫోన్ పక్క గదిలో పెట్టు. ఆస్పత్రి నుంచి కబురొస్తే మాత్రం పిలవమని ఇంట్లో చెప్పు. గ్రీకు మాటలు వ్యాసంలోకి తేకు, నీ నోట్సులోనే ఉండనీ. ఇంకొకటి, సందర్శనలో విన్నది పేరు మార్చి కూడా రాయకు. మన సంఘాల్లో పేరు మారిస్తే దాగేదేముంది, ఆరాధన అయ్యేలోపు ఎవరో ఒకరు పోల్చేస్తారు.

వచ్చే నెల, కష్టాల్లో ఉన్న యోబునే తప్పుపట్టిన అతని స్నేహితుల మీద రాస్తానన్నావు. వాళ్లను దులిపేయడం తేలిక. ఏడు రోజులు నోరు మెదపకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారన్న సంగతి వదిలేయకు. వాళ్ల మాటలు తప్పని దేవుడు తేల్చాక, వాళ్ల కోసం ప్రార్థన చేసింది యోబే. వ్యాసం 42వ అధ్యాయం దాకా రావాలి. గ్రూపులో పెట్టకముందే నాకు పంపు.

ప్రభువునందు,
మీ అన్నయ్య