ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలా?

ప్రశ్న: నాన్నకు 67 ఏళ్లు, షుగర్ ఉంది. పోయినేడు ఫ్లూ టీకా వేయించాం. మళ్లీ ఎందుకు?

మీ నాన్నగారికైతే వేయించమనే చెబుతాను. 65 దాటినవాళ్లకు, షుగర్, ఆస్తమా, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు, గర్భిణులకు, చిన్నపిల్లలకు ఫ్లూ న్యుమోనియా దాకా ముదిరే ప్రమాదం ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్లవాళ్లకు అంత తొందరేం లేదు, ఇంట్లో ముసలివాళ్లో పసిబిడ్డో ఉంటే తప్ప.

మళ్లీ ఎందుకంటే, ఫ్లూ వైరస్ పైపొరలోని ప్రోటీన్లు మారిపోతూ ఉంటాయి. పాత టీకాతో తయారైన యాంటీబాడీలు కొత్త రకాన్ని సరిగా గుర్తుపట్టలేవు. పైగా ఆ యాంటీబాడీలు కూడా కొన్ని నెలల్లోనే తగ్గుతాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, టీకాలో ఏ రకాలు ఉండాలో సూచిస్తుంది. ఆ అంచనా బాగా కుదిరిన ఏడాది కూడా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినంత ఫ్లూ ముప్పు 40 నుంచి 60 శాతం వరకే తగ్గుతుంది. తక్కువే అనిపిస్తుంది గానీ, వచ్చినా ఆసుపత్రి పాలయ్యే అవకాశం తగ్గడమే అసలు లాభం.

ఇక "టీకా వేస్తే ఫ్లూ వస్తుంది" అనే మాట. ఇంజెక్షన్‌లో బతికున్న వైరస్ ఉండదు, రాదు. చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం మామూలే. మామూలు జలుబుకు మాత్రం ఇది పనిచేయదు, అది వేరే వైరస్‌ల పని.

మన దగ్గర ఫ్లూ వానాకాలంలో బాగా పెరుగుతుంది. రక్షణ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది కాబట్టి వానలకు ముందే, ఆ ఏడాది కొత్త టీకా అవునో కాదో అడిగి వేయించండి. గతంలో ఏ టీకాకైనా తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి.