పంజనెల్లా చేస్తే బ్రెడ్ జావలా అయిపోతోంది, ఎలా చేయాలి?

పంజనెల్లా అంటే ఇటలీలో ఎండిన రొట్టెతో చేసుకునే చల్లటి సలాడ్. మీరు మిల్క్ బ్రెడ్ ముక్కలు నీళ్లలో నానబెట్టి టమాటా, కీరా కలిపితే అంతా జావైపోయిందని రాశారు. ఓవెన్ లేకుండా హైదరాబాద్‌లో పంజనెల్లా కుదురుతుందా, పిల్లల లంచ్ బాక్స్‌కి పనికొస్తుందా అని అడిగారు. తప్పకుండా కుదురుతుంది. దీనికి అసలు వంటే అక్కర్లేదు. మీకు తేడా కొట్టింది బ్రెడ్ దగ్గర.

చదువు కోసం నేను రెండేళ్లు ఫ్లోరెన్స్‌లో ఉన్నాను. అక్కడికి వెళ్లిన కొత్తలో బేకరీలో ఓ పెద్ద రొట్టె కొన్నాను. ఒక ముక్క నోట్లో వేసుకుంటే ఉప్పే లేదు. వేయడం మర్చిపోయారనుకున్నాను. తర్వాత తెలిసింది, ఫ్లోరెన్స్ ఉన్న టస్కనీ ప్రాంతంలో రోజూ తినే రొట్టెకి ఉప్పు వేయరని. గోధుమ పిండి, నీళ్లు, పులియబెట్టిన పిండి, అంతే. దానికి 2016లో యూరోపియన్ యూనియన్ మన జీఐ ట్యాగ్ లాంటి గుర్తింపు కూడా ఇచ్చింది. ఆ రొట్టె రెండు మూడు రోజులకి గట్టిపడిపోతుంది, కత్తి కూడా సులువుగా దిగదు. అలా ఎండిన రొట్టెని పారేయకుండా చేసుకునేదే పంజనెల్లా. చలికాలంలో అదే రొట్టెని చిక్కుడు గింజలు, నల్ల క్యాబేజీ ఆకులతో ఉడికించి రిబొల్లీతా అనే చిక్కటి సూప్ చేస్తారు. ఎండాకాలంలో స్టవ్ వెలిగించబుద్ధి కానప్పుడు ఇది.

మా పై అంతస్తులో డెబ్భై దాటిన పెద్దావిడ ఒకరు ఉండేవారు. నాకు ఇది నేర్పింది ఆవిడే. ఓ జులై మధ్యాహ్నం పిలిచి పక్కన నిలబెట్టుకున్నారు. బేసిన్‌లో చల్లటి నీళ్లు పోసి, ఓ చెంచా వెనిగర్ కలిపి, లావుపాటి రొట్టె ముక్కలు అందులో వేశారు. ఓ పావుగంటకి ఒక ముక్క తీసి రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా పిండారు. ఇంకో ముక్క నా చేతిలో పెట్టారు. చితికిపోతుందేమోనని భయపడి నేను మెల్లగా పిండాను. ‘అంకోరా’ అన్నారు, అంటే ‘ఇంకా’ అని. నాకు ఇంకేమీ మిగల్లేదనిపించింది. ఆవిడ ఆ ముక్క నా చేతిలోంచి తీసుకుని మళ్లీ పిండితే బేసిన్‌లోకి ధారగా నీళ్లు కారాయి. తర్వాత దాన్ని వేళ్లతో నలిపితే పొడిపొడిగా రాలింది. తడిపి పిండేసిన అటుకులు ఎలా విడివిడిగా ఉంటాయో, అచ్చం అలా. పంజనెల్లాలో పనంతా ఇక్కడే ఉంది. మిగతాది కూరగాయలు తరగడమే.

మిల్క్ బ్రెడ్‌లో పాలు, చక్కెర, కొవ్వు ఉంటాయి, అందుకే అది దూదిలా మెత్తగా ఉంటుంది. తడి తగలగానే పేస్ట్ అయిపోతుంది, పిండితే వేళ్లకి అంటుకుంటుంది. పావ్‌తో కూడా ఇదే బాధ. తియ్యటి రస్కులు అసలే వద్దు. పెద్ద బేకరీల్లో దొరికే సోర్‌డో (పులియబెట్టిన పిండితో చేసే రొట్టె) గానీ, బాగెట్ (పొడవాటి ఫ్రెంచ్ రొట్టె) గానీ తీసుకోండి. అంగుళం మందాన కోసి, పల్చటి గుడ్డ మీద పరిచి రెండు రోజులు ఆరనివ్వండి. వానాకాలంలో అలా వదిలేస్తే బూజు పడుతుంది కాబట్టి పెనం మీద సన్నటి సెగన రెండు వైపులా తడి ఆరేదాకా ఉంచండి. ఎర్రగా కాలక్కర్లేదు. నేను హైదరాబాద్ వచ్చాక ఇలాగే చేస్తున్నాను. బాగెట్‌కి పావుగంట నానడం అక్కర్లేదు, ఐదు నిమిషాలు చాలు. మధ్యలో గట్టి పలుకు తగలడం లేదంటే తీసేయొచ్చు.

నలుగురికి 300 గ్రాముల ఎండిన బ్రెడ్, అరకిలో బాగా పండిన టమాటాలు, ఒక కీరా, ఒక ఎర్ర ఉల్లిపాయ సరిపోతాయి. ఉల్లిపాయని పల్చగా చీల్చి పావుగంట చల్లటి నీళ్లలో వేస్తే ఘాటు పోతుంది. టమాటా ముక్కలకి ఉప్పు పట్టించి చిల్లుల గిన్నెలో వేసి, కింద ఇంకో గిన్నె పెట్టండి. ఇరవై నిమిషాల్లో రసం దిగుతుంది. అది పారబోయకండి, ప్రాణం అందులోనే ఉంది. ఆ రసంలో రెండు చెంచాల వెనిగర్, ఐదారు చెంచాల ఆలివ్ నూనె గిలకొట్టి, నలిపిన బ్రెడ్ మీద పోసి, పులిహోర కలిపేటప్పుడు మెతుకు చితక్కుండా కలుపుతాం కదా, అలా చేత్తో పైపైన కలపండి. తర్వాత కూరగాయలు. గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, తినే ముందు బేసిల్ ఆకులు చేత్తో తుంచి వేయండి. మన బ్రెడ్‌లో ఎలాగూ ఉప్పు ఉంటుంది, కాబట్టి ఉప్పు చూసి వేసుకోండి.

వెనిగర్ అంటే ద్రాక్ష వైన్‌తో చేసినది. దొరక్కపోతే యాపిల్ సైడర్ వెనిగర్ వాడండి. నూడిల్స్‌లో పోసే తెల్లటి సింథటిక్ వెనిగర్ మాత్రం ముక్కుకి కొడుతుంది. నిమ్మరసంతో కూడా చేసి చూశాను. బాగానే ఉంది గానీ అది కచుంబర్ వైపు వెళ్లిపోయింది. బేసిల్ బదులు పూజ తులసి వేయకండి, దాని లవంగపు ఘాటు మిగతావాటిని మింగేస్తుంది. మనం సబ్జా గింజలంటామే, ఆ మొక్క బేసిల్ జాతిదే. కుండీలో గుప్పెడు గింజలు చల్లితే లేత ఆకులు పనికొస్తాయి.

నాకు అన్నిటికన్నా ఆనందం కలిగించిన సంగతి ఇంకోటి ఉంది. టమాటా అమెరికా ఖండం నుంచి యూరప్‌కి వచ్చిన పంట, ఇటలీ వంటల్లో కుదురుకోవడానికి చాలా కాలం పట్టింది. అంతకుముందు ఈ సలాడ్‌లో ఉల్లిపాయదే పెద్దరికం. 16వ శతాబ్దంలో ఫ్లోరెన్స్‌లో బ్రోంజీనో అనే చిత్రకారుడు ఉండేవాడు. ఉల్లిపాయ మీద రాసిన పద్యంలో ఆయన తరిగిన ఉల్లి, కీరా, పోర్చెల్లానా ఆకు కలిపిన సలాడ్‌ని తెగ మెచ్చుకున్నాడు. ఆ పోర్చెల్లానా ఏమిటో తెలుసా? మన గంగవాయిలి కూర! ఆంధ్రా వైపు గంగపావిలి అంటారు. పప్పులో వేసుకునే అదే పుల్లటి, కండగల ఆకు. హైదరాబాద్ కూరగాయల మార్కెట్‌లో కట్టలు కట్టలు దొరుకుతుంది. లేత చివుళ్లు తుంచి, బాగా కడిగి ఇందులో కలపండి. ఆ పులుపు ఆలివ్ నూనెతో కలిసినప్పుడు వచ్చే రుచి నాకు టమాటా పంజనెల్లా కంటే ఇష్టం.

కొన్ని రెస్టారెంట్లలో బ్రెడ్‌ని నానబెట్టకుండా నూనెలో కరకరలాడేలా వేయించి కలుపుతారు. తినడానికి బాగుంటుంది, కానీ రొట్టె రసం పీల్చుకుని మెత్తబడటంలో ఉన్న చల్లదనం అందులో రాదు.

లంచ్ బాక్స్‌కి మాత్రం వద్దు. మన ఎండల్లో నాలుగు గంటలు డబ్బాలో ఉంటే ఉల్లిపాయ వాసన ముదిరి, కీరా నీళ్లు వదిలి, బ్రెడ్ మళ్లీ జావైపోతుంది. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి గంట ముందు కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి.