బెల్‌వ్యూ దగ్గర మొదటిసారి కనూ: మెర్సర్ స్లూలో ఎక్కడ దిగాలి, ఎక్కడ ఆగాలి

మీరు అమెరికాలో సియాటిల్ దగ్గర రెడ్‌మండ్‌లో ఉంటున్నామన్నారు. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు, ఎనిమిదేళ్ళ పాప ఉంది, ఎవరికీ కనూ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) అలవాటు లేదు, చిత్తడి నేలల్లో తేలిగ్గా తిరిగొచ్చే నీటిదారి చెప్పమన్నారు.

మొదటిసారికి బెల్‌వ్యూలోని మెర్సర్ స్లూకే వెళ్ళండి. స్లూ అంటే మెల్లగా కదిలే నీటిపాయ. లేక్ వాషింగ్టన్ సరస్సు ఒడ్డున మిగిలిన చిత్తడి నేలల్లో ఇదే పెద్దది, 320 ఎకరాలు. 1916లో సరస్సును సముద్రంతో కలిపే ఓడల కాలువ (షిప్ కెనాల్) కోసం సరస్సు మట్టాన్ని సుమారు 9 అడుగులు దించినప్పుడు ఇక్కడ చాలా నేల బయటపడింది. పాయలో ప్రవాహం ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. రెండు వైపులా జమ్ము, చెట్లు గాలిని చాలావరకు ఆపుతాయి.

అసలు సంగతి పడవతో నీళ్ళలోకి ఎక్కడ దిగాలన్నది. సొంత పడవైనా, కారు మీద కట్టుకొచ్చిన అద్దె పడవైనా స్వేయొలాకెన్ ర్యాంపు దగ్గరే దిగండి. అది ఐ-90 ఫ్రీవే బ్రిడ్జీలకు ఉత్తరాన, పాయ లోపలే ఉంది. ఎనటై బీచ్ నుంచి బయల్దేరితే ముందు సరస్సులో కొంత దూరం పోవాలి. అక్కడ మోటారు బోట్ల అలలు పక్కనుంచి తగులుతాయి, కొత్తవాళ్ళు బెదిరి అంచులు పట్టుకుంటారు. స్వేయొలాకెన్‌లో దిగగానే ఉత్తరానికి తిరగండి. ఎదురుగా ఫ్రీవే బ్రిడ్జీలు కనిపిస్తున్నాయంటే సరస్సు వైపు పోతున్నట్టే. దూరం లెక్క పెట్టుకోవద్దు, గడియారం చూసుకోండి: 40 నిమిషాలు లోపలికి వెళ్ళి వచ్చిన దారినే వెనక్కి. తిరుగు ప్రయాణంలో చేతులు నొప్పి పుడతాయి, దానికి గంట ఉంచుకోండి.

ఐదుగురికి రెండు పడవలు కావాలి, 16 అడుగులవి చాలు. మీ దంపతులిద్దరూ చెరొకదాంట్లో వెనక కూర్చోండి, పడవను తిప్పేది వెనకవాళ్ళే. అమ్మగారు, నాన్నగారు చెరో పడవలో ముందు. పాప బరువు తక్కువున్న పడవలో నడుమ, అడుగున పరిచిన మెత్త మీద. వెనక మరీ బరువైతే ముక్కు లేచి గాలికి పక్కకు తిరిగిపోతుంది, ఎంత తెడ్డు వేసినా దారిలోకి రాదు. అప్పుడు నీళ్ళ సీసాల సంచిని ముందుకు జరపండి. కొల్లేటి తాటిదోనె ఎక్కినవాళ్ళకి ఈ సంగతి విడిగా చెప్పక్కర్లేదు. కాకపోతే అక్కడ గెడ వేస్తారు, ఇక్కడ తెడ్డు.

ఎక్కేటప్పుడే ఎక్కువమంది పడతారు. పడవను ఒడ్డుకు సమాంతరంగా పెట్టి ఒకరు గట్టిగా పట్టుకోవాలి. ఎక్కేవాళ్ళు నడుం వంచి, రెండు చేతులతో రెండు అంచులూ పట్టుకుని, అడుగు సరిగ్గా మధ్య గీత మీద వేయాలి. ముందు కూర్చునేవాళ్ళు మొదట, తర్వాత పాప, చివర వెనకవాళ్ళు. నీటి మీద ఊగినప్పుడు మాత్రం దీనికి వ్యతిరేకం: అంచు పట్టుకోకూడదు. ఒక అంచు పట్టుకుంటే తల అటే వాలుతుంది, తలతో పాటు బరువూ పోతుంది, పడవ బోల్తా. తెడ్డును నీటి మీద అడ్డంగా ఆనించి నడుం వదులు చేయండి, పడవ దానంతటదే సర్దుకుంటుంది.

మే, జూన్ నెలలు మంచివి. షిప్ కెనాల్ మీది లాక్స్ (నీటి మట్టాన్ని ఆపే తలుపులు) దగ్గర సరస్సు మట్టాన్ని వేసవికి నింపి, చలికాలానికి సుమారు 2 అడుగులు తగ్గిస్తారు. కాబట్టి ఈ రెండు నెలల్లో పాయ నిండుగా ఉంటుంది, కలువాకులు కూడా ఇంకా కమ్ముకుని ఉండవు. జులై, ఆగస్టుల్లో అంచులంతా కలువలే. కాడలు తెడ్డుకు చుట్టుకుంటే పక్కకు లాగొద్దు, అదీ పడవను బోర్లించే పనే. తెడ్డును వెనక్కి జార్చి తీసి, వచ్చినవైపే వెనక్కి తోసుకు రండి.

లైఫ్ జాకెట్ అందరికీ ఒంటి మీదే ఉండాలి. 19 అడుగుల కన్నా చిన్న పడవలో 12 ఏళ్ళు, అంతకు తక్కువ వయసు పిల్లలు తొడుక్కోవడం వాషింగ్టన్ చట్టం. ఈల ఒకటి దగ్గరుంచుకోండి. పాప జాకెట్‌ను భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా వస్తే పెద్దదైనట్టు. అమ్మగారికి చీర వద్దు, పంజాబీ డ్రెస్ అయితే జాకెట్ బెల్టు సరిగ్గా బిగుస్తుంది, కాలికీ అడ్డం పడదు. చున్నీ కార్లోనే ఉంచేయండి. పడితే పడవను వదలొద్దు, అడుగున కాలు పెట్టి నిలబడాలని చూడొద్దు. ఇక్కడ అడుగు కుళ్ళిన మొక్కల బురద, దిగితే కాలు కూరుకుపోతుంది. పడవ పట్టుకుని తేలుతూనే గట్టి ఒడ్డుకు రండి. మే నెలలో ఎండ ఎంత బాగున్నా నీళ్ళు చల్లగానే ఉంటాయి, పొడిబట్టలు ఒక జత తప్పకుండా తీసుకెళ్ళండి.

ఇది కుదిరాక రెండోసారి సమామిష్ నది చూడండి, మీ ఇంటి దగ్గరే. 1960లలో తిన్నగా చేసిన నది, నిదానంగా ఉత్తరానికి పారుతుంది. వేసవి మధ్యాహ్నాల్లో ఇక్కడ గాలి తరచూ ఉత్తరం నుంచే వస్తుంది, ఆ కాస్త ప్రవాహం దాని ముందు నిలవదు. అందుకే పొద్దున్నే దిగండి. ఒకవైపు ప్రయాణమైతే రెండో కారును దిగువనున్న వుడిన్‌విల్ ఊళ్ళో ముందే పెట్టి ఉంచండి. మేరీమూర్ పార్కులో సమామిష్ సరస్సు నుంచి నది మొదలయ్యేచోట అడ్డుకట్ట ఉంది, దాని మీదుగా పోకూడదు. దానికి దిగువన, రెడ్‌మండ్‌లోని ల్యూక్ మెక్‌రెడ్‌మండ్ పార్కు దగ్గర దిగితే ఆ బెడద ఉండదు.