పిల్లర్ పక్కన థార్, గోడ ముందు జిమ్నీ
వాహన సలహాలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నాకు మూడు డోర్ల మహీంద్రా థార్ ఉంది. మా అపార్ట్‌మెంట్ స్టిల్ట్ పార్కింగులో నాకు ఇచ్చిన స్థలానికి ఎడమ పక్కన పిల్లరు, వెనుక గోడ ఉన్నాయి. వెనుక బంపర్ ఎడమ మూలన, ఎడమ వెనుక చక్రం పైనున్న నల్లని ప్లాస్టిక్ అంచు మీద తరచూ గీతలు పడుతున్నాయి. రివర్స్ సెన్సర్లు బాగానే పనిచేస్తున్నాయి. యాక్సెసరీస్ దుకాణం వారు వెనుక ఇనుప గార్డు బిగిస్తే సమస్య తీరిపోతుందంటున్నారు. వేయించుకోమంటారా?
– ఒక పాఠకుడు, మియాపూర్, హైదరాబాద్

సమాధానం: వద్దు. కారణాలు కొంత తరువాత చెబుతాను. ముందుగా ఆ గీతలు ఎప్పుడు పడుతున్నాయో మీరు తేల్చుకోవాలి. వెనుక భాగం మీద పడిన గీత కాబట్టి రివర్స్ చేసేటప్పుడే పడి ఉంటుందని అందరూ అనుకుంటారు గాని, చక్రం పై అంచుకు తగిలే దెబ్బల్లో చాలా భాగం ఉదయం బండిని ముందుకు తీసి బయటకు వెళ్లే తొందరలో తగిలేవే. ముందు చక్రాలు తిరిగిన దారిలోనే వెనుక చక్రాలు తిరగవు. అవి మలుపు లోపలి వైపుకు జరిగి, మరింత చిన్న వంపులో వస్తాయి. పిల్లరు మీకు ఎడమన ఉండగా, బండి ముక్కు దాన్ని దాటగానే స్టీరింగ్‌ను ఎడమకు తిప్పితే, డ్రైవరు సీటులో కూర్చున్న మీరు క్షేమంగా బయటపడతారు, మీ వెనుక చక్రం మాత్రం నేరుగా పిల్లరు మీదికి వస్తుంది. ఆ చోట బండికి అన్నిటికంటే బయటకు పొడుచుకు వచ్చిన భాగం ఆ నల్లని అంచే కాబట్టి మొదటి దెబ్బ దానికే తగులుతుంది. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం పెరిగేకొద్దీ ఈ లోపలి జరుగుడు కూడా పెరుగుతుంది. మీ థార్‌కు ఆ దూరం 2450 మిల్లీమీటర్లు; అయిదు డోర్ల థార్ రాక్స్‌కు 2850. మీ అపార్ట్‌మెంటులో ఎవరైనా రాక్స్ కొని ఇదే పిల్లరు పక్కన నిలుపుతుంటే వారికి ఈ ముక్క ముందే చెప్పండి.

బంపర్ మూల సంగతి దీనికి తలకిందులుగా ఉంటుంది. ముందుకు వెళుతూ స్టీరింగ్‌ను కుడికి బాగా తిప్పినప్పుడు, వెనుక ఇరుసుకు వెనకాల ఉన్న భాగమంతా ఎడమకు ఊగుతుంది. థార్‌కు ఇరుసు వెనుక భాగం పొట్టిదే కాబట్టి ఈ ఊపు తక్కువే, కాని పిల్లరుకు అరడుగు దూరంలో నిలిపిన బండికి ఆ తక్కువ కూడా ఎక్కువే. అందువల్ల అంచు మీది గీత ఎడమకు తొందరగా తిప్పడం వల్లా, బంపర్ మూల మీది గీత కుడికి తొందరగా తిప్పడం వల్లా వచ్చి ఉండవచ్చు. అనుమానం ఉంటే గీతను వేలితో తడిమి చూడండి. ప్లాస్టిక్ చెక్కుకుపోయినప్పుడు లేచిన పొట్టు, తగిలిన వస్తువు రాసుకుంటూ పోయిన దిక్కున పోగవుతుంది. ఆ పొట్టు గీతకు వెనుక కొసన ఉంటే బండి ముందుకు కదులుతుండగా తగిలినట్లు. ముందు కొసన ఉంటే రివర్స్‌లో తగిలినట్లు. బయటకు తీసేటప్పుడు తగులుతోందని తేలితే, వెనుక బంపర్ పిల్లరును దాటేవరకు నేరుగా ముందుకు వచ్చి, ఆ తరువాతే స్టీరింగ్ తిప్పడం అలవాటు చేసుకోండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

సెన్సర్లు పనిచేస్తున్నా గీతలు పడటంలో వింతేమీ లేదు. మన దేశంలో 2019 జూలై 1 నుంచి తయారయ్యే కార్లన్నిటికీ రివర్స్ సెన్సర్లు తప్పనిసరి చేశారు. అవి బంపర్ వెనుక ఏముందో చూస్తాయే గాని పక్కనున్న పిల్లరును చూడవు, పైగా గేరు రివర్స్‌లో ఉన్నప్పుడే మేలుకుంటాయి. సన్నని ఇనుప గొట్టాలు, బంపర్ కంటే కిందున్న గట్లు, పైనుంచి వేలాడే పైపులు కూడా వాటి కంట పడకుండా పోవచ్చు.

ఇక రక్షణ. దాన్ని బండికి కాకుండా నేలకూ పిల్లరుకూ బిగించండి. గోడ విషయంలో అన్నిటికంటే నమ్మదగినది వీల్ స్టాపర్, అంటే వెనుక చక్రాలను ఆపేలా నేలకు బోల్టులతో బిగించే రబ్బరు దిమ్మె. దాన్ని ఎక్కడ బిగించాలో కంటి అంచనాతో నిర్ణయించవద్దు. పక్కన ఒక మనిషిని నిలబెట్టుకుని బండిని మెల్లగా వెనక్కు తీసుకురండి. స్టెప్నీకీ గోడకూ మధ్య అడుగు దూరం మిగిలినప్పుడు ఆపి, రెండు వెనుక టైర్లు నేలను తాకిన చోట, వాటి వెనుక అంచు దగ్గర సుద్దతో గీత గీయించండి. స్టాపరు ముందు ముఖం ఆ గీత మీద ఉండాలి. బంపర్ నుంచి కొలిచి బిగించే పొరపాటు మామూలు కార్లకు చెల్లుతుందేమో గాని, వెనుక డోరుకు స్టెప్నీ మోసే బండికి చెల్లదు, ఎందుకంటే బండి చివర బంపర్ కాదు, స్టెప్నీ. దిమ్మె ఎత్తు పది సెంటీమీటర్లకు తగ్గకూడదు. మీ బండి టైరు 255/65 ఆర్18 అయితే దాని వ్యాసం 79 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అంత పెద్ద చక్రం రెండంగుళాల దిమ్మెను మీకు తెలియకుండానే ఎక్కి దిగిపోతుంది. నేలకు రంధ్రాలు వేయాలి కాబట్టి అసోసియేషన్ అనుమతి ముందే తీసుకోండి.

పిల్లరుకు పసుపు, నలుపు చారల రబ్బరు కార్నర్ గార్డులు దొరుకుతాయి. పనివారు వాటిని మామూలు కార్ల బంపర్ ఎత్తు చూసుకుని నేలకు దగ్గరగా బిగించి వెళ్లిపోతుంటారు. మీ చక్రం పైనున్న అంచు టైరు కంటే కూడా పైన ఉంటుంది కాబట్టి, నేల నుంచి కనీసం మీటరు ఎత్తు వరకు రబ్బరు ఉండేలా చూడండి, అవసరమైతే ఒకదానిపై ఒకటిగా రెండు ముక్కలు వేయించండి. పిల్లరుకు మీ వైపున్న రెండు మూలలకూ వేయించాలి. ఒక మూలకే వేసి డబ్బు మిగుల్చుకుంటే రెండో మూల తన పని తాను చేస్తుంది. పాత టైరును గోడకు వేలాడదీయడం మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే, గోడ వరకు అది పనికి వస్తుంది. కాని టైరు రబ్బరు లేత రంగు పెయింటు మీద నల్లని మరకలు వేస్తుంది, వాటిని వదిలించడం మళ్లీ ఒక పని.

ఇప్పుడు ఇనుప గార్డు సంగతి. ప్లాస్టిక్ బంపర్ నెమ్మదిగా తగిలిన దెబ్బకు వంగి, చాలాసార్లు తిరిగి తన ఆకారానికి వస్తుంది. ఛాసిస్‌కు, అంటే బండి అడుగునున్న చట్రానికి బిగించిన ఇనుప గొట్టం వంగదు. ఆ దెబ్బ బోల్టుల గుండా ఛాసిస్ చివరలకు చేరుతుంది. ఇరుకైన చోట నిలిపే బండి పొడవును అది మరికొంత పెంచుతుంది. దాన్ని సెన్సర్లకు ఎదురుగా బిగిస్తే సెన్సర్లు గార్డునే అడ్డంకిగా భావించి ఆగకుండా మోగుతాయి, విసుగు పుట్టి మీరు వాటిని ఆపేస్తారు. తయారీదారు థార్‌కు ఇచ్చిన 36.8 డిగ్రీల డిపార్చర్ కోణం, అంటే ఎత్తైన గట్టు దిగేటప్పుడు వెనుక భాగం నేలకు తగలకుండా కాపాడే కోణం, కిందికి వేలాడే గార్డుతో తగ్గిపోతుంది. చట్టం కూడా దీనికి అనుకూలంగా లేదు. క్రాష్ గార్డులు, బుల్ బార్‌లు అనుమతి లేకుండా బిగించడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు లేఖ రాసింది. 2019 సవరణ తరువాత అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి అయిదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. ఇవన్నీ పక్కన పెట్టినా, సెల్లార్లలో ఈ గార్డులు చేసేది ఒక్కటే: మీ బండి మీద పడవలసిన గీతను పక్కవారి బండి మీదికి బదిలీ చేయడం.

ప్రశ్న: మాది అయిదు డోర్ల మారుతి జిమ్నీ. ఇటీవల రివర్స్ చేస్తుండగా స్టెప్నీ గోడకు తగిలింది. బయట ఒక్క గీత కూడా లేదు. కాని అప్పటినుంచి వెనుక డోరు వేయాలంటే కొంచెం బలంగా నెట్టవలసి వస్తోంది, గతుకుల్లో చిన్న చప్పుడు వస్తోంది. పట్టించుకోవాలా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: తప్పకుండా పట్టించుకోవాలి, అమ్మా. కనిపించే గీత కంటే మీకు జరిగిన ఈ గీత లేని దెబ్బే ఖరీదైనది. స్టెప్నీ డోరుకు బిగించిన బండిలో, గోడ నెట్టిన బలం టైరు నుంచి దాన్ని పట్టుకున్న బ్రాకెట్‌కు, అక్కడినుంచి డోరు రేకుకు, చివరకు డోరు బందులకూ లాక్‌కూ చేరుతుంది. టైరు రబ్బరు కనుక గుర్తు మిగలదు. ముందుగా స్టెప్నీ నట్లు, బ్రాకెట్ బోల్టులు వదులయ్యాయేమో చూపించండి. చప్పుడుకు కారణం అదే అయితే బిగింపుతో పోతుంది. తరువాత డోరు మూసి, దాని చుట్టూ ఉన్న సందు పైనా కిందా, కుడిఎడమలా ఒకే వెడల్పున ఉందో లేదో చూడండి. ఒక వైపు సన్నగా, ఒక వైపు వెడల్పుగా ఉంటే బందులు కదిలాయని అర్థం. లాక్ నాలుకను పట్టుకునే కొక్కెం మీద కొత్తగా ఒరుసుకున్న మెరుపు కనిపించినా అంతే. చివరగా డోరు అంచుల మీద పైపుతో నీళ్లు పోయించి, లోపల తడి చేరుతుందేమో వేళ్లతో తడిమి చూడండి. వర్షాకాలం వచ్చాక తెలుసుకోవడం కంటే ఇది నయం.

సర్దుబాటుకు వీలున్నంతవరకు డోరును సరిచేయడం వర్క్‌షాపులో పెద్ద పని కాదు. బ్రాకెట్ బిగించిన చోట రేకు లోపలికి నొక్కుకుపోతే మాత్రం డెంటింగ్ పని పడుతుంది, అక్కడ పెయింటు చిట్లి ఉంటే సముద్రపు గాలి తగిలే మీ ఊళ్లో తుప్పు పట్టడానికి ఎంతో కాలం పట్టదు. కాబట్టి స్టెప్నీని విప్పించి దాని వెనుక రేకును చూడనిదే బండిని తీసుకోవద్దు. మరో మాట: జిమ్నీకి వెనుక లైట్లు బంపర్‌లోనే ఉంటాయి. బంపర్ మూల పిల్లరుకు తగిలితే గీతతో పాటు లైటు కూడా పోతుంది. కంపెనీ ఇచ్చిన టైర్ల కంటే పెద్దవి వేయించుకునే ఆలోచన ఉంటే స్టెప్నీ మరింత బయటకు వస్తుందనీ, బందుల మీద బరువు పెరుగుతుందనీ కూడా లెక్కలో పెట్టుకోండి.

ప్రశ్న: వెనుక భాగానికి సిరామిక్ కోటింగ్ చేయిస్తే పార్కింగ్ గీతలు పడవంటున్నారు. పీపీఎఫ్ మంచిదని మరికొందరంటున్నారు. ఏది నిజం?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: సిరామిక్ కోటింగ్ మందం కొన్ని మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) మాత్రమే. నీరు, మురికి అంటుకోకుండా జారిపోవడానికీ, మెరుపు నిలవడానికీ అది పనికి వస్తుంది. గోడతో దానికి పోటీ లేదు. పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) అనేది పెయింటు మీద అతికించే పాలీయురెథేన్ పొర. సాధారణంగా 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉంటుంది, అంటే కంపెనీ పెయింటు పొరలన్నీ కలిపిన మందం కంటే ఎక్కువ. తుమ్మ కొమ్మలు రాసుకోవడం, సామాను ఎక్కించేటప్పుడు పెట్టె అంచు తగలడం, పక్క కారు తలుపు కొస తాకడం వంటివాటిని అది బాగా ఆపుతుంది. సన్నని గీతలు ఎండ వేడికి వాటంతట అవే పూడుకుపోతాయి. పిల్లరుకు బలంగా ఒరుసుకుంటే మాత్రం పొర చిరుగుతుంది, సొట్టను అది ఎలాగూ ఆపలేదు. గరుకుగా ఉండే నల్లని ప్లాస్టిక్ మీద అది సరిగా అతుక్కోదు కూడా. బండి మొత్తానికి వేయించే స్తోమత లేకపోతే, వెనుక డోరు కింది భాగానికీ, బంపర్‌లో పెయింటు వేసిన భాగానికీ వేయిస్తే చాలు. వీల్ స్టాపరు, కార్నర్ గార్డులు పెట్టించాక డబ్బు మిగిలితే చేయవలసిన పని ఇది.

ప్రశ్న: నా థార్ డీజిల్, 2184 సీసీ. వెనుక బంపర్ మూల పగిలింది. ఇన్సూరెన్సు క్లెయిమ్ చేయమని స్నేహితులంటున్నారు. లాభమా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

సమాధానం: జీరో డిప్రీసియేషన్, అంటే విడిభాగాల ఖరీదులో తరుగు కోయని అదనపు రక్షణ, లేని మామూలు పాలసీ అయితే చాలావరకు నష్టమే. ప్లాస్టిక్ భాగాల ఖరీదులో సగమే బీమా సంస్థ చెల్లిస్తుంది. 1500 సీసీ దాటిన కారుకు ప్రతి క్లెయిమ్‌లోనూ మొదటి 2000 రూపాయలు మీరే భరించాలి. లెక్క కోసం బంపర్ 5000 రూపాయలు, కూలి 1500 అనుకుందాం: సగం ఖరీదు 2500కు కూలి కలిపి, 2000 తీసేస్తే మీ చేతికి వచ్చేది 2000. మీకు ప్రస్తుతం 25 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉందనుకుంటే, ఈ సంవత్సరం క్లెయిమ్ లేకుండా గడిస్తే అది 35 శాతానికి పెరుగుతుంది. క్లెయిమ్ చేస్తే సున్నాకు పడుతుంది. సొంత నష్టపు ప్రీమియం బోనస్ తగ్గించక ముందు 15,000 అయితే వచ్చే రెన్యువల్‌లోనే 5250 రూపాయలు పోగొట్టుకున్నట్లు. బోనస్ రక్షణ యాడ్-ఆన్ తీసుకుని ఉంటే లెక్క వేరు. పాలసీ కాగితం ఒకసారి చూసుకోండి. డోరు రేకు నొక్కుకుపోయి, బందులు వంగి, లైటు పగిలి బిల్లు పెద్దదైతే క్లెయిమ్‌కు వెనుకాడవద్దు.

ప్రశ్న: నల్లని ప్లాస్టిక్ అంచు మీద తెల్లటి గీతలు పడ్డాయి. పెయింటు వేయించవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: వేయించకండి. ఆ ప్లాస్టిక్‌కు రంగు పట్టాలంటే ముందు ప్రత్యేకమైన ప్రైమర్ వేయాలి, వేసినా తరువాతి దెబ్బకు పెచ్చులుగా లేస్తుంది. ముందుగా ఆ తెలుపు పిల్లరు సున్నమో, పెయింటో అంటుకున్నదేమో తడి గుడ్డతో గట్టిగా తుడిచి చూడండి. చాలాసార్లు సగం గీత అక్కడే పోతుంది. మిగిలినదాన్ని అనుభవమున్న పనివారి చేత హీట్ గన్‌తో తగుమాత్రం వేడి చేయిస్తే తెల్లదనం తగ్గి, లేచిన పొట్టు అణుగుతుంది. వేడి ఎక్కువైతే గరుకుతనం కరిగి ఆ చోటు నున్నగా మెరుస్తుంది, దాన్ని ఇక మార్చలేరు, కాబట్టి చక్రం లోపలి వైపు కనిపించని చోట మొదట ప్రయత్నించమనండి.