ఎంఓటీ పాసైన పాత ఔట్‌ల్యాండర్ పీహెచ్‌ఈవీని నమ్మి కొనొచ్చా?

మీరడిగింది ఇదీ: యూకేలో 2017 మిత్సుబిషి ఔట్‌ల్యాండర్ పీహెచ్‌ఈవీ, అంటే ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసే పెట్రోల్ హైబ్రిడ్ కారు, 70 వేల మైళ్లు తిరిగింది, వారం క్రితమే ఎంఓటీ (కారు రోడ్డు మీద తిరగడానికి తగిందో లేదో చూసే పరీక్ష) అయింది, ఒక్క అడ్వైజరీ (ఫెయిల్ చేయకుండా 'దీన్ని గమనించుకోండి' అని టెస్టర్ రాసే హెచ్చరిక) కూడా లేదు. ఆ పాస్ కాగితాన్ని నమ్మొచ్చా?

ఆ ఒక్క కాగితాన్ని నమ్మకండి. దానికి ముందున్న అన్ని ఏళ్ల కాగితాలూ తీసి చదవండి, అసలు సంగతి వాటిల్లో ఉంటుంది. అమ్మకానికి పెట్టే ముందు చేయించిన ఎంఓటీకి టైర్లు మార్చి, లైట్లు సరిచేసి తీసుకెళ్తారు. మూడేళ్ల క్రితం, అమ్మే ఆలోచనే లేనప్పుడు తీసుకెళ్లిన రోజున టెస్టర్ ఏం రాశాడో అదే బండి అసలు స్వభావం.

మనవాళ్లలో చాలామందికి ఇది కొత్త. మన దగ్గర ఎఫ్‌సీ అంటే లారీలకీ ఆటోలకీ సంబంధించిన మాట. సొంత కారుకి రిజిస్ట్రేషన్ అయ్యాక 15 ఏళ్ల దాకా ఎవరూ కింద దూరి చూడరు. బ్రిటన్‌లో మూడేళ్లు నిండిన కారుకి ఏటా పరీక్ష, పైగా ఆ చరిత్రంతా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితం. నంబర్ ప్లేట్ కొడితే తేదీలు, మైళ్లు, ఫెయిలైన కారణాలు, అడ్వైజరీలు అన్నీ వస్తాయి. ఇంత సౌకర్యం ఉండి కూడా 'ఫుల్ ఎంఓటీ' అన్న ప్రకటన చూసి అడ్వాన్స్ ఇచ్చేస్తుంటే బాధేస్తుంది.

చదివేటప్పుడు అడ్వైజరీ పక్కనున్న అంకెల్ని పట్టించుకోండి. 1.1.14 అంటే బ్రేక్ డిస్కులు, 1.1.11 అంటే ఇనుప బ్రేక్ పైపులు, 5.2.3 టైర్లు, 5.3.4 సస్పెన్షన్ బుష్‌లు, జాయింట్లు. ఒకే అంకె రెండు మూడేళ్లు వరసగా కనబడి, తర్వాత బాగుచేసిన బిల్లు లేకుండా మాయమైతే, అది బాగైందని కాదు, ఈసారి చూసిన కళ్లు వేరు అని అర్థం. 2020లో ఖాళీ కనబడితే మాత్రం కంగారు పడొద్దు. కోవిడ్ వల్ల ఆ ఏడాది మార్చి 30 నుంచి జులై 31 లోపు గడువు తీరే కార్లకి ఆరు నెలలు పొడిగించారు.

ఈ బండి విషయంలో నేను ముందు చూడమనేది వెనక బ్రేకులు. బ్యాటరీ గురించి అందరూ అడుగుతారు, వీటి గురించి ఎవరూ అడగరు. కాలు బ్రేక్ మీద పెట్టగానే మొదట పని చేసేది మోటార్లు. అవి వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపిస్తాయి, ప్యాడ్ డిస్కుని గట్టిగా పట్టాల్సిన అవసరం తక్కువ. చలికాలంలో రోడ్డు మీద చల్లిన ఉప్పునీళ్లు డిస్కు మీద పడి, రాపిడి లేక అక్కడే తుప్పుగా మారతాయి. చక్రం కమ్మీల మధ్య నుంచి టార్చ్ వేస్తే బయటి ముఖం నున్నగా మెరుస్తూనే ఉంటుంది. బండిని లిఫ్ట్ మీద ఎత్తించి లోపలి ముఖం చూడండి. అంచున తుప్పు గట్టు కట్టి, మధ్యలో పప్పుచెక్క మీద ఉన్నట్టు గుంటలు గుంటలుగా ఉండి, మెరిసే పట్టీ వేలెడంతే మిగిలి ఉందంటే ఆ డిస్కు పని అయిపోయినట్టే. లోపలి ప్యాడ్ ఒక మందం, బయటిది ఇంకో మందం ఉంటే కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి అదిమే భాగం) జారే పిన్నులు పట్టేశాయి. అలాంటప్పుడు డిస్కులూ ప్యాడ్లూ మాత్రమే మార్పిస్తే డబ్బు దండగ. పిన్నులు తీసి శుభ్రం చేసి గ్రీజు పెట్టకపోతే ఏడాదిలో మళ్లీ అదే కథ.

ఇది పరీక్షలో ఎందుకు దొరకదంటారా? టెస్టర్‌కి ఏదీ విప్పే అధికారం లేదు, కనబడినంత వరకే. కింద ప్లాస్టిక్ ట్రేలు ఉంటే 'అండర్‌ట్రేల వల్ల కొన్ని భాగాలు కనబడలేదు' అని రాసి వదిలేస్తాడు. 2010 సెప్టెంబర్ నుంచి రోడ్డెక్కిన కారుకి కాలి బ్రేక్ సామర్థ్యం 58 శాతం ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ 16 శాతం. చక్రాల్ని రోలర్ల మీద తిప్పి పరీక్షిస్తే ఏ చక్రం ఎంత పడుతోందో విడివిడిగా తెలుస్తుంది. డిసిలరోమీటర్ (బండి ఎంత త్వరగా నెమ్మదిస్తుందో కొలిచే పరికరం) పెట్టి రోడ్డు మీద పరీక్షిస్తే మొత్తం కలిపి ఒకే శాతం వస్తుంది. ముందు బ్రేకులు గట్టిగా ఉంటే వెనకున్న బలహీనతని అవే మోసేస్తాయి.

ఇక బ్యాటరీ. అది ఎన్ని మైళ్లు లాగుతుందో ఎంఓటీలో ఎక్కడా చూడరు. ఈ మోడల్‌లో 12 కిలోవాట్ అవర్ ప్యాక్, 80 సెల్స్. ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ సమాచారం చదివే చిన్న పరికరం) పెట్టి పీహెచ్‌ఈవీ వాచ్‌డాగ్ యాప్‌లో చూస్తే కొత్తలో సామర్థ్యం 38 ఆంపియర్ అవర్ దగ్గర ఉండేది. 30 కనబడితే దాదాపు ఐదో వంతు పోయినట్టు. డాష్‌బోర్డు మీద చూపించే రేంజ్ ఫోటో పంపిస్తే పక్కన పెట్టేయండి, అది నిన్నటి డ్రైవర్ నడిపిన తీరుని బట్టి మారే అంకె. డాంగిల్ లేకపోతే ఖాళీ అయిన బండిని 16 ఆంప్స్ ఛార్జర్‌కి పెట్టించండి. కొత్త ప్యాక్‌కి మూడున్నర గంటలు పడుతుంది, రెండున్నరకే నిండిపోతే ధర దగ్గర గట్టిగా మాట్లాడండి.

12 వోల్టుల చిన్న బ్యాటరీని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. అది నీరసిస్తే ఏబీఎస్, స్టెబిలిటీ లాంటి హెచ్చరిక దీపాలు వెలుగుతాయి, వాటిలో ఏది ఆరకపోయినా ఎంఓటీ ఫెయిల్. చూడ్డానికి వెళ్లే ముందు రాత్రి బండిని కదల్చకుండా ఉంచమని అడగండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు దీపాలన్నీ వెలిగి ఆరుతున్నాయో లేదో మీరే దగ్గరుండి చూడండి.

లిఫ్ట్ మీద ఎత్తడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనొద్దు. కొన్నాక వారానికోసారి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, వెనక ఎవరూ లేని రోడ్డు మీద 50 మైళ్ల వేగం నుంచి 20కి ఐదారుసార్లు గట్టిగా బ్రేక్ వేయండి, మధ్యలో అర నిమిషం ఆగి. నిండిన బ్యాటరీ కరెంటు పెద్దగా తీసుకోలేదు కాబట్టి అప్పుడు ఎక్కువ పని ప్యాడ్లే చేస్తాయి, పైపైన పట్టిన తుప్పు అప్పటికప్పుడు రాలిపోతుంది.