సోమవారం దాకా ఆగకండి

ప్రశ్న: మేడమ్, మా వీధిలో ఇరవయ్యేళ్లుగా ఒక శ్రీలంక తమిళ కుటుంబం ఉంటోంది. వాళ్లబ్బాయికి ఎల్టీటీఈతో సంబంధం ఉందేమోనని అధికారులు రెండుసార్లు పిలిచి అడిగారు. కేసేమీ లేదు. ‘వెనక్కి పంపితే వాడు బతకడక్కా’ అని వాళ్లమ్మ మా గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. ఒట్టి అనుమానం మీద మనిషిని విమానం ఎక్కించేస్తారా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: అమ్మా, ఈ వారమే వకీలును కలవమనండి. శరణార్థిగా నమోదైన కాగితాలు, పిలిచిన తేదీలు, ఏం అడిగారో, అన్నీ రాసి పెట్టుకోమనండి. ఒకసారి ఇలాగే ఒకాయన బంధువులు శుక్రవారం సాయంత్రం నా దగ్గరికొస్తే, సోమవారం పిటిషన్ వేద్దామన్నాను. ఆదివారం రాత్రే ఆయన్ని పంపేశారు. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ నిద్రపట్టదు.

అనుమానం మీద పంపడం స్వీడన్ లాంటి దేశంలో కూడా జరిగింది. అహ్మద్ అగిజా, మహమ్మద్ అల్ జెరీ అనే ఈజిప్టు వాళ్లు అక్కడ ఆశ్రయం అడిగారు. ఉగ్రవాద సంబంధాలున్నాయంటూ 2001 డిసెంబరు 18న ప్రభుత్వం కాదంది. అప్పీలుకు వీల్లేదు. ఆ రాత్రే బ్రొమ్మా విమానాశ్రయంలో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ మనుషులు వాళ్ల బట్టలు కత్తిరించి, ముసుగులేసి, సంకెళ్లు బిగించి కైరోకు పట్టుకుపోయారు. హింసించబోమని ఈజిప్టు ఇచ్చిన హామీని స్వీడన్ నమ్మింది. స్వీడన్ దౌత్యాధికారులు జైల్లో వాళ్లను తొలిసారి చూసింది ఐదు వారాల తర్వాత! జెరీని ఏ నేరమూ మోపకుండానే 2003లో వదిలారు. ఐక్యరాజ్యసమితి హింస వ్యతిరేక కమిటీ అగిజా విషయంలో 2005లో స్వీడన్‌ను తప్పుపట్టింది. 2008లో ఒక్కొక్కరికి 30 లక్షల క్రోనాల పరిహారం ఇచ్చారు. అప్పటికి అగిజా ఇంకా జైల్లోనే ఉన్నాడు.

మనం 1951 శరణార్థుల ఒప్పందంలో లేము. దేశం నుంచి పంపించకూడదనే హక్కు పౌరులదేనని 2021లో రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు అంది. పద్ధతి ప్రకారం తప్ప పంపొద్దనీ అంది. ఉగ్రవాద నిరోధక చట్టం యూఏపీఏ కింద శిక్ష పడిన శ్రీలంక తమిళుడొకరు ఇక్కడే ఉంటానంటే 2025 మేలో అదే కోర్టు ఒప్పుకోలేదు. కానీ అతని మీద విచారణ నడిచింది, తన మాట చెప్పుకున్నాడు. మీ వీధి అబ్బాయికి అదీ లేదు. రాజ్యాంగం 21వ అధికరణం ప్రాణరక్షణ ఇచ్చింది ‘వ్యక్తి’కి, పౌరుడికి మాత్రమే కాదు. కాబట్టి మద్రాసు హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ పిటిషన్ వేసి, నోటీసు, కారణాలు, చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా పంపవద్దని అడగాలి.

ఆ తల్లిని ఒంటరిగా పంపకండి. ఇరవయ్యేళ్లుగా ఆ అబ్బాయిని చూస్తున్నామని మీరూ, వీధిలో నలుగురూ అఫిడవిట్ ఇవ్వవచ్చు.